ఊరు చూపించే విద్య

చార్మినార్ దగ్గర మంచి గైడు నోరు తెరిచేముందు ఎండ ఎటుందో చూసుకుంటాడు. ఉదయం తొమ్మిదింటికైతే తన వెంట వచ్చినవాళ్లను తూర్పువైపుకు తీసుకెళ్లి, ఎండ వాళ్ల వీపున పడేలా నిలబెడతాడు. తన కళ్లలో పడ్డా ఫర్వాలేదు, వాళ్ల కళ్లలో పడకూడదు. తోపుడు బళ్లకూ, ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడిచేవాళ్లకూ అడ్డం కాని జాగా వెతుక్కుంటాడు. ఆఖరి మనిషి వచ్చి నిలబడేదాకా ఆగుతాడు. అప్పుడు మొదటి మాట. అది కూడా 1591 అనే అంకెతో మొదలవదు. "పైన గడియారం కనిపిస్తోందా? అక్కణ్ణుంచి ఇంకాస్త పైకి చూడండి" అని వాళ్ల చూపును పట్టుకుని నడిపిస్తాడు. గడియారాలు 1889లో పెట్టినవి, వాటిని మోస్తున్న కట్టడం అంతకు మూడొందల ఏళ్ల ముందుది అని చెప్పేసరికి, వినేవాళ్ల కళ్లు అప్పటికే ఆ రెంటి మధ్యా తిరుగుతూ ఉంటాయి. ఇక ఆ సంవత్సరం మరిచిపోవడం కష్టం.

ఇదంతా ఎవరికీ పుట్టుకతో రాదు. నేర్పాలి, నేర్చుకోవాలి, పదిమంది ముందు తప్పులు పోతూ సాధన చేయాలి. మనలో చాలామందికి గైడు అంటే మాటకారి అనే అభిప్రాయం ఉంది. నాలుగు భాషలు కలిపి గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తే గొప్ప గైడు కింద లెక్క. నేను ఒప్పుకోను. ఊరు చూపించడం ఒక విద్య. అందులో కాళ్ల పని ఉంది, గొంతు పని ఉంది, ఏళ్ల తరబడి చదువు ఉంది, అన్నిటికీ మించి నిజం విషయంలో భయభక్తులు ఉండాలి. హైదరాబాద్‌కు ఈ విద్య నేర్చినవాళ్లు, ముఖ్యంగా తెలుగులో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడున్నవాళ్లకంటే ఎన్నో రెట్లు కావాలి.

మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. క్షేత్రానికి వెళితే స్థలపురాణం చెప్పే అర్చకులు, కాశీలోనూ గయలోనూ యాత్రికుల బాగోగులు చూసే పండాలు, లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఇవతలికి లాగి చూపించేవాళ్లు అందరూ ఈ కోవలోవాళ్లే. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారిలో రాసుకున్నదంతా 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఏ దారి బాగుంది, ఏ ఊళ్లో దిగడానికి చోటుంది అన్నీ రాశాడు. తను చూసినవాటిని చెప్పుకోవడం దగ్గరే ఆగలేదు. తన వెనక రాబోయేవాళ్ల ఇబ్బందులను ముందే ఊహించి రాశాడు. గైడుకు కావలసిన మొదటి గుణం అదే.

ఈ పనికి కట్టుదిట్టమైన చదువు ఎలా ఉంటుందో చూడాలంటే లండన్ వైపు చూడాలి. అక్కడ నీలం రంగు బ్యాడ్జి పెట్టుకున్న గైడుకు ఉండే గౌరవం వేరు. బ్లూ బ్యాడ్జి కోసం చదివేవాళ్లు దాదాపు రెండేళ్లు సాయంత్రాలు, శనాదివారాలు ధారపోస్తారు. రోమన్ల కాలం నుంచి నిన్నటి ఎన్నికల దాకా చరిత్ర, వాస్తుశిల్పం, చిత్రకళ, పార్లమెంటు నడిచే తీరు, చెట్లు, సాహిత్యం, వీధులు అన్నీ చదవాలి. రాత పరీక్షలు ఒక ఎత్తు, ఆచరణ పరీక్షలు మరో ఎత్తు. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో, సెయింట్ పాల్స్‌లో, లండన్ టవర్‌లో, బ్రిటిష్ మ్యూజియంలో, కదిలే బస్సులో, వీధి నడకలో అభ్యర్థి మాట్లాడుతుంటే పరీక్షకులు పక్కనే నడుస్తారు. 2002 నుంచి ఈ అర్హతల వ్యవహారం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూరిస్ట్ గైడింగ్ చూస్తోంది. యూరప్ మొత్తానికీ కలిపి 2008లో ఒక ప్రమాణం కూడా వచ్చింది. దాని ప్రకారం గైడు శిక్షణ 600 గంటలకు తగ్గకూడదు, అందులో నూటికి నలభై వంతులు గది బయట, అసలు స్థలాల్లో జరగాలి.

ఆ పరీక్షల్లో మనకు సంబంధించిన రాళ్లు రెండు రకాలున్నాయి. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి స్తూపం సున్నపురాతి శిల్పాలకు విడిగా ఒక గది ఉంది. కాలిన్ మెకంజీ 1797లో మొదటిసారి చూసిన దిబ్బ అది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ శిల్పాలు 1859లో లండన్‌కు ఓడెక్కాయి. రెండోది టవర్‌లోని కోహినూర్. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనం తరతరాలుగా చెప్పుకుంటున్న వజ్రం. గుంపులో ఒక భారతీయ కుటుంబం ఉండి, "ఇది మాది కదా" అని అడిగితే గైడు ఏం చెప్పాలి? తడబడకూడదు, తప్పించుకోకూడదు. 1849లో పంజాబును కలుపుకున్నప్పుడు పదేళ్ల దులీప్ సింగ్ చేత సంతకం పెట్టించిన లాహోర్ ఒడంబడికలోనే ఈ వజ్రం ప్రస్తావన ఉందని, 186 క్యారెట్ల రాయిని 1852లో సానబట్టి 105 క్యారెట్ల చిల్లరకు దించారని, ఎవరికి చెందాలన్న దానిమీద ఇప్పటికీ వాదం నడుస్తోందని చెప్పాలి. ఆపైన తీర్పు వినేవాళ్లకు వదిలేయాలి. బాగా శిక్షణ పొందిన గైడును పోల్చుకోవడానికి నాకు తెలిసిన గట్టి గుర్తు ఇది. గట్టి ప్రశ్న ఎదురైనప్పుడు ఆ మనిషి చేతిలో ఆధారం ఉంటుంది, గొంతులో కోపం ఉండదు.

ఇక మెళకువల సంగతి. వీటిలో చాలావరకు చూసేవాళ్లకు కనిపించవు.

నడుస్తూ చెప్పకూడదు. నడిచేటప్పుడు మాట ముందువాళ్లకే వినిపిస్తుంది, వెనకవాళ్లకు ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. ఆగి చెప్పాలి, చెప్పి నడవాలి. కట్టడానికి పూర్తిగా వీపు పెట్టి నిలబడితే గైడే అడ్డం. పూర్తిగా దానివైపు తిరిగితే మాట గోడకు చెప్పినట్టవుతుంది. ఒక భుజం కట్టడం వైపు, మొహం మనుషుల వైపు ఉండాలి. గొంతు పెంచడమంటే అరవడం కాదు. గాలి పొట్టలోంచి రావాలి, ఆఖరి వరుసలో ఉన్న పెద్దాయనకు చెబుతున్నట్టు చెప్పాలి. అప్పుడు మధ్యలో ఉన్నవాళ్లందరికీ అందుతుంది. గొంతుతోనే లాగితే మధ్యాహ్నానికి బొంగురుపోతుంది, రెండేళ్లలో పాడవుతుంది. హరికథలు చెప్పేవాళ్లూ, స్టేజీ నాటకాలు ఆడేవాళ్లూ ఎప్పటినుంచో చేస్తున్న సాధనే ఇది. గైడు శిక్షణలో అలాంటి కళాకారుల చేత ఒక వారం పాఠం చెప్పిస్తే ఎంత బాగుంటుందో!

బస్సులో చెప్పడం ఇంకా కష్టం. గైడు ప్రయాణికుల వైపు తిరిగి నిలబడితే వాళ్ల కుడి తన ఎడమ అవుతుంది. తన చెయ్యిని నమ్ముకుంటే సగం బస్సు తప్పువైపు చూస్తుంది. సికింద్రాబాద్ నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా వస్తున్నప్పుడు హుస్సేన్ సాగర్ ప్రయాణికుల కుడిచేతి వైపు ఉంటుంది. బుద్ధుడి విగ్రహం కనిపించాక చెప్పడం మొదలుపెడితే వాక్యం పూర్తయ్యేలోపు బస్సు దాటిపోతుంది. అందుకే ముందే తయారు చేయాలి: ఇంకో నిమిషంలో మీ కుడివైపు నీళ్ల మధ్య ఒక విగ్రహం కనిపిస్తుంది, ఏకశిల, 1990లో పడవ మీద తెస్తుంటే మునిగిపోయింది, మనుషులు చనిపోయారు, రెండేళ్లకు పైగా నీటి అడుగునే ఉంది, 1992 డిసెంబరులో నిలబెట్టారు, అదిగో చూడండి. ఆ 'అదిగో' పడాల్సిన క్షణంలోనే పడాలి. సిగ్నల్ పడితే ఏం చెప్పాలి, ట్రాఫిక్ లేకపోతే ఏం వదిలేయాలి అన్నది కూడా ముందే కట్టుకుని ఉండాలి. శిక్షణలో ఒకే సంగతిని ఒక నిమిషంలో ఒకసారి, మూడు నిమిషాల్లో మరోసారి, పది నిమిషాల్లో ఇంకోసారి చెప్పిస్తారు. ఒక నిమిషంలో చెప్పడమే అన్నిటికన్నా కష్టమని అప్పుడు తెలుస్తుంది. ఎందుకంటే ఏది వదిలేయాలో తెలియాలంటే అంతా తెలిసుండాలి.

మౌనం కూడా నేర్పాల్సిందే. సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా ముందు చాలామంది గైడ్లు ఊపిరి తీసుకోకుండా చెబుతారు. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన ఆ పాలరాతి బొమ్మ ముందు చెప్పాల్సింది రెండే వాక్యాలు. ఆపైన అర నిమిషం నోరు మూసుకోవాలి. ముసుగు కూడా రాయేనన్న సంగతి చూసేవాళ్లకు తమంతట తామే తట్టాలి. అదే మ్యూజియంలో గంట గంటకూ ఓ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ఉంది. దాని ముందు జనం నేలమీద, బెంచీలమీద కూర్చుని కాచుకుంటారు. గంట కొట్టడానికి పది నిమిషాల ముందు తన గుంపును అక్కడికి చేర్చేలా మిగతా గదులన్నిటికీ సమయం పంచుకోవడం గైడు లెక్క. శుక్రవారం ఆ మ్యూజియమూ, చౌమహల్లా ప్యాలెస్సూ మూసి ఉంటాయని, మక్కా మసీదులో ఆ మధ్యాహ్నం నమాజుకు వచ్చే జనం ఎక్కువని గుర్తుపెట్టుకోని గైడు ఎంత చరిత్ర చదివినా ప్రయోజనం లేదు. మరుగుదొడ్లు ఎక్కడున్నాయో, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గోల్కొండలో ఎంతదాకా ఎక్కగలరో, చెప్పులు ఎక్కడ విడవాలో, తలమీద కొంగు ఎక్కడ వేసుకోవాలో చెప్పడం కూడా ఈ చదువులో భాగమే.

గోల్కొండ ప్రస్తావన వచ్చింది కాబట్టి అక్కడి చప్పట్ల సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. కోట ముఖద్వారం దాటగానే గుమ్మటం కింద ఒక చోట నిలబడి చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరాన కొండమీద బాలాహిసార్‌లో వినిపిస్తుంది. రోజూ వందలమంది కొడతారు. అందరూ ఒకేసారి కొట్టడంవల్ల ఎవరి చప్పట్లు ఎవరికి వినిపించాయో తెలియక, ఓ నవ్వు నవ్వుకుని ముందుకు పోతారు. నేర్చిన గైడు ఇక్కడ ఏం చేస్తాడంటే, ముందు జనాన్ని బయటే ఆపుతాడు. ద్వారానికి ఎదురుగా ఉన్న అడ్డుగోడ చూపిస్తాడు. ఏనుగులు పరుగెత్తుకొచ్చి తలుపును ఢీకొట్టే వీలు లేకుండా కట్టిన గోడ అది. తర్వాత ద్వారం పైన సున్నపు పనిలో ఉన్న నెమళ్లనూ, సింహాలనూ చూపించి, ముస్లిం సుల్తానుల కోటకు ఈ బొమ్మలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆలోచించమంటాడు. అప్పుడు లోపలికి తీసుకెళ్లి, అందరినీ చేతులు కట్టుకోమని, తనొక్కడే సరైన చోట నిలబడి కొడతాడు. పక్కకు రెండడుగులు జరిగి మళ్లీ కొడతాడు. రెండోసారి పైనుంచి మోత తిరిగి రాదు. ఆ తేడా చెవులతో విన్నాక, శత్రువు వస్తే కొండమీదికి కబురు ఎలా వెళ్లేదో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో ఈ కోట ఔరంగజేబు చేతికి పోయింది లోపలివాళ్లు తలుపు తీయడం వల్ల. ఆ కథ అక్కడ చెబితే దాని బరువు వేరుగా ఉంటుంది.

అన్నిటికన్నా కష్టమైన పాఠం నిజానికీ కథకూ గీత గీయడం. భాగమతిని తీసుకోండి. గోల్కొండ యువరాజు మహమ్మద్ కులీ ఆమె కోసం ఉప్పొంగే మూసీని దాటి వెళ్లాడని, ఆమె పేరునే ఊరికి భాగ్‌నగర్ అని పెట్టాడని, ఈ కథ లేకుండా పాతబస్తీలో ఏ నడకా సాగదు. హరూన్ ఖాన్ షేర్వానీ లాంటి చరిత్రకారులు ఆమె ఉనికినే ఒప్పుకోలేదు. నరేంద్ర లూథర్ ఆ ప్రేమకథ నిజమనే వాదించారు. ఫరిష్తా లాంటి ఆ కాలపు రచయితలు భాగమతి గురించి రాశారు, అది ఒకవైపు ఆధారం. కుతుబ్‌షాహీ సమాధుల తోటలో తారామతికీ, ప్రేమామతికీ సమాధులున్నాయి గానీ భాగమతి పేరిట ఏదీ లేదు. ఇది రెండోవైపు. శిక్షణ లేని గైడు ఈ రెంటిలో ఒకటి పట్టుకుని రెండోది మింగేస్తాడు. శిక్షణ ఉన్నవాడు రెండూ చెప్పి, ఏది ఎందుకు గట్టిదో కూడా చెబుతాడు. కథలో తీపి తగ్గదు. నా మటుకు నాకు, ఇంతమంది ఇన్నేళ్లు పట్టుబట్టి వాదించుకున్న మనిషిగా భాగమతి మరింత ఆసక్తి కలిగిస్తుంది. చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందనే మాటకైతే అంత ఓపిక అక్కర్లేదు. జనం అలా చెప్పుకుంటారు, ఎవరికీ దొరకలేదు అని ముగించాలి.

గోల్కొండ కోటలోనే ఉన్న రామదాసు బందిఖానా దగ్గర ఇంకో రకం జాగ్రత్త కావాలి. అక్కడికి వచ్చే తెలుగువాళ్లలో చాలామంది చెప్పులు విడిచి, గోడమీద చెక్కిన రాముడికి, హనుమంతుడికి దండం పెట్టుకుంటారు. వాళ్లకు అది గుడి. రామదాసుగా పేరుపడ్డ పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న, అతని మేనమామలు అక్కన్న మాదన్నలు, గోల్కొండ సుల్తాను తానాషా ఖజానా, భద్రాచలం గుడి, ఇదంతా చరిత్ర. రామలక్ష్మణులు మారువేషాల్లో వచ్చి ఆరు లక్షల వరహాలు కట్టి రసీదు పుచ్చుకోవడం భక్తుల విశ్వాసం. ఆ విశ్వాసాన్ని వెక్కిరించే హక్కు గైడుకు లేదు, దాన్ని చరిత్రగా అమ్మే హక్కూ లేదు. "భక్తులు ఇలా చెప్పుకుంటారు" అని గౌరవంగా చెప్పి, తానాషా కాలం నుంచి వస్తోందనే ఆచారం ప్రకారం ఈనాటికీ శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున భద్రాద్రికి ముత్యాల తలంబ్రాలు వెళుతున్నాయని కలిపితే చాలు. ఢిల్లీ నుంచి వచ్చినవాడూ, ఖమ్మం నుంచి వచ్చిన బామ్మా ఇద్దరూ తృప్తిగా బయటికొస్తారు.

పిట్టకథల లెక్క కూడా చెప్పాలి. కూర్చోబెట్టి పురాణం చెప్పేవాళ్లు అసలు కథ మధ్యలో పిట్టకథ ఎత్తుకుని, జనం కుదుటపడ్డాక మళ్లీ అసలు కథలోకి వచ్చేస్తారు. గైడుకూ ఆ చాతుర్యం అవసరమే, కానీ కాళ్లమీద నిలబడ్డ జనానికి ఓపిక తక్కువ. ఒక్కో మజిలీకి ఒక్క పిట్టకథ చాలు. అదీ కళ్లముందున్న వస్తువునుంచి పుట్టాలి. లాడ్‌బజార్‌లో లక్క గాజుల దుకాణం ముందు నిలబడితే, అక్కడ కూర్చున్న పనివాడు వేడిచేసిన లక్కను సాగదీసి, గుండ్రంగా వంచి, చల్లారేలోపు ఒక్కో అద్దపు రాయినీ చేత్తో పొదుగుతుంటాడు. 2024లో ఆ గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చేతులను చూపిస్తే చాలు.

ఒక్క వస్తువునుంచి ఊరంతా చెప్పగలగడం ఈ విద్యలో పరాకాష్ఠ. హైదరాబాద్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని దాదాపు నూటయాభై మంది బతికారు. ఊళ్లో చనిపోయినవాళ్లు పదిహేను వేల దాకా ఉంటారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు. ఆ చెట్టు కింద నిలబడి గైడు మొదలుపెడితే: వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఆయన సలహా మీద పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడం, 1920లో ఒకటి, 1927లో మరొకటి పూర్తికావడం, నది ఒడ్డులు బాగుచేసి ఇటు ఆసుపత్రి, అటు హైకోర్టు లేపడం, వాటికి విన్సెంట్ ఎష్ నమూనాలు గీయడం వరుసగా వచ్చేస్తాయి. ఈనాడు ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట చెరువు నీళ్లు తాగే మనిషికి తన గ్లాసులోని నీళ్లకూ ఆ చెట్టుకూ సంబంధం తెలుస్తుంది. ఆ చెట్టు ముందునుంచి రోజూ వేలమంది మందుల చీటీలు పట్టుకుని వెళుతుంటారు. వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

ఇక్కడే భాష సంగతి వస్తుంది. ఇంగ్లీషులో చదువుకున్న గైడు తెలుగు గుంపు వస్తే అదే పాఠాన్ని తెలుగులోకి మార్చి చెబుతాడు. అది సరిపోదు. కుతుబ్‌షాహీ సమాధుల్లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం సమాధి ఉంది. దక్షిణపు గోడమీద ఒకప్పటి మెరుగు పలకల ఆనవాళ్లు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. విదేశీయులకు ఆ పలకల గురించి చెబితే సరిపోతుంది. తెలుగువాళ్లకు మాత్రం ఈయనే మన కవులు నోరారా పిలుచుకున్న మల్కిభరాముడని చెప్పాలి. రాజ్యం దక్కకముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఇతనికే అంకితమిచ్చాడు. ఇతని కింద ఉద్యోగి అమీన్ ఖానుకు పొన్నగంటి తెలగన్న అచ్చ తెనుగులో రాసిన 'యయాతి చరిత్ర'ను అంకితమిచ్చాడు. 1565లో రామరాయలను కూల్చిన కూటమిలో ఇబ్రహీం కూడా ఒకడు. ఆశ్రయమిచ్చినవాడి మీదే కత్తి ఎత్తినవాడు, మన భాషను ఆదరించినవాడు ఒకే మనిషి, ఒకే సమాధిలో ఉన్నాడు. తెలుగు పదో తరగతి చదివిన ఏ పిల్లవాడైనా ఆ మాట విని ఆగిపోతాడు. ఇలా చెప్పడానికి అనువాదం చాలదు, తెలుగు సాహిత్యం తెలిసిన గైడు కావాలి. మన తెలుగు ఎం.ఏ.లు, చరిత్ర ఎం.ఏ.లు ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్న ఈ రోజుల్లో ఈ దారి వాళ్లకెవరూ చూపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

దారి అసలు లేకపోలేదు. కేంద్ర పర్యాటక శాఖ గైడ్లకు పరీక్ష పెట్టి, శిక్షణ ఇచ్చి, లైసెన్సు ఇచ్చే పద్ధతి చాలాకాలంగా ఉంది. పురావస్తు శాఖ కట్టడాల్లో లైసెన్సు ఉన్నవాళ్లే గైడ్లుగా పనిచేయాలి. 2020లో ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్ పేరుతో ఆన్‌లైన్ కోర్సు వచ్చింది, ఇంటి దగ్గర చదువుకుని పరీక్ష రాయొచ్చు. 1983లో మొదలైన పర్యాటక విద్యాసంస్థ ఐఐటీటీఎంకు నెల్లూరులో కేంద్రం ఉంది. హైదరాబాద్ గచ్చిబౌలిలో అలాంటిదే నిథమ్ అనే సంస్థ ఉంది. ఆన్‌లైన్ చదువు మంచిదే, దూరపు ఊళ్లవాళ్లకు అందుతుంది. కానీ ఎండలో ముప్ఫైమందిని ఎక్కడ నిలబెట్టాలో తెరమీద నేర్చుకోలేరు. యూరప్ ప్రమాణంలోని ఆ నలభై శాతం మాట ఇక్కడ అక్షరాలా పాటించాలి. శిక్షణలో ఉన్నవాళ్లు వారానికి రెండు రోజులైనా సీనియర్ గైడు వెనక నడవాలి, ఆపైన ఆ సీనియర్‌ను వెనక నిలబెట్టి తాము చెప్పాలి.

ఈ వృత్తిని తినేస్తున్న చీడ ఒకటుంది, కమీషన్. గుంపును ఫలానా ముత్యాల దుకాణానికో, ఫలానా గాజుల దుకాణానికో తీసుకెళితే అమ్మకంలో ఇంత అని గైడుకు ముడుతుంది. దానితో నడక దారే మారిపోతుంది. చార్మినార్ పక్కనున్న నాలుగు తోరణాల చార్‌కమాన్ దగ్గర పదిహేను నిమిషాలు గడపాల్సినవాళ్లు ఐదు నిమిషాల్లో దాటించి, దుకాణంలో నలభై నిమిషాలు కూర్చోబెడతారు. గైడ్లను తిట్టడం తేలిక. కానీ రోజంతా గొంతు చించుకున్నందుకు ఇచ్చే డబ్బు ఇల్లు గడవడానికి చాలకపోతే ఆ మనిషి ఏం చేస్తాడు? పర్యాటకుల రాక వానాకాలంలో, వేసవిలో పడిపోతుంది. సీజన్ నాలుగు నెలల సంపాదనతో పన్నెండు నెలలు బతకాలి. మంచి గైడుకు మంచి ఫీజు దక్కేలా ప్రభుత్వాలు రేట్లు నిర్ణయించి, వాటిని కట్టడాల టికెట్ కౌంటర్ల దగ్గర అందరికీ కనిపించేలా రాసిపెట్టాలి. లైసెన్సుదారుల ఫొటోలు, వాళ్లకొచ్చిన భాషలు కూడా ఆ బోర్డు మీదే ఉండాలి.

ఏటా ఫిబ్రవరి 21ని ప్రపంచమంతా గైడ్ల దినంగా జరుపుకుంటోంది, 1990 నుంచి. అదే రోజు మాతృభాషా దినం కూడా. రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖలూ ఆ ఒక్క రోజైనా చార్మినార్‌లో, గోల్కొండలో, అమరావతిలో, వరంగల్ కోటలో, లేపాక్షిలో తెలుగు గైడ్ల చేత ఉచిత నడకలు పెట్టిస్తే, ఏ గైడు దగ్గర ఎంత సరుకుందో జనానికి తెలుస్తుంది, ఈ పని ఎంత గొప్పదో పిల్లలకు తెలుస్తుంది.

ఈసారి మీరు పిల్లలను తీసుకుని గోల్కొండకు వెళ్లినప్పుడు, టికెట్ కొన్నచోటే లైసెన్సు ఉన్న గైడు గురించి అడగండి. కార్డు చూపించమనండి. తెలుగులోనే చెప్పమని అడగండి. ఫీజు ముందే మాట్లాడుకుని, అయ్యాక బేరమాడకుండా ఇచ్చేయండి. దుకాణానికి వద్దని మొదటే చెప్పండి. తెలియనిదేదైనా అడిగినప్పుడు ఆ గైడు "తెలీదండీ, కనుక్కుని చెబుతాను" అంటే, ఆ మనిషి ఫోన్ నంబరు రాసుకుని మీ చుట్టాలందరికీ ఇవ్వండి.